గుండెకు చేబదులు

కార్డియాలజీ వార్డు బయట బంధువులు డాక్టరుగారిని ముందుగా అడిగేది "పంపింగ్ ఎంతుందండీ?" అని. ఎకో రిపోర్టులో పంపింగ్‌ను చెప్పే ఈఎఫ్ పక్కన 20 శాతమో 25 శాతమో కనబడితే వెంటనే మరో ప్రశ్న: "పంపింగ్ పెంచే మందు లేదా?" ఉంది. ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయి. ఐసీయూ నర్సులకు వాటిలో బాగా అలవాటైనది డోబుటమిన్. గుండెను గట్టిగా కొట్టించడం వేరు, మనిషిని బతికించడం వేరు అని వైద్యులు ఎంత కష్టమ్మీద గ్రహించారో ఈ మందు చరిత్రే చెబుతుంది.

గుండెకు బలమిచ్చే మందు కోసం వెతుకులాట పాతదే. ఒళ్లంతా నీరు పట్టిన రోగులకు డిజిటాలిస్ ఆకు ఎలా పనిచేస్తుందో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ 1785లోనే పుస్తకం రాశారు. అయితే ఆ ఆకు మందు నిదానంగా పనిచేస్తుంది, మోతాదు కాస్త మించితే విషమవుతుంది. ప్రాణం మీదికొచ్చిన వేళ దాన్ని నమ్ముకోలేం. ఇరవయ్యో శతాబ్దంలో అడ్రినలిన్, దాని బంధువులు వచ్చాయి. వాటితో గుండె బలంగానే కొట్టుకునేది, కానీ ప్రతిదానికీ ఒక పేచీ ఉండేది. ఐసోప్రొటెరినాల్ ఇస్తే గుండె దడ విపరీతంగా పెరిగి, రక్తనాళాలు వదులై బీపీ పడిపోయేది. డోపమిన్ మోతాదు పెంచితే రక్తనాళాలు బిగుసుకుని, అసలే నీరసించిన గుండెకు ఎదురు ఒత్తిడి ఎక్కువయ్యేది.

దడ పెద్దగా పెంచకుండా, బీపీని అటూ ఇటూ లాగకుండా, గుండె సంకోచాన్ని మాత్రమే పెంచే మందు తయారుచేయగలమా? అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ శాస్త్రవేత్తలు రొనాల్డ్ టటిల్, జాక్ మిల్స్ పట్టుకున్న ప్రశ్న ఇది. అదృష్టం మీద ఆధారపడకుండా, ఐసోప్రొటెరినాల్ అణువును ముందు పెట్టుకుని అందులో ఒక్కో భాగాన్నీ మారుస్తూ, ఏ మార్పుకు గుండె ఎలా స్పందిస్తుందో చూస్తూ పోయారు. చివరికి తేలిన అణువే డోబుటమిన్. 1975లో దాని వివరాలు ప్రచురించారు. 1978లో అమెరికా ప్రభుత్వం వాడకానికి అనుమతి ఇచ్చింది.

అది పనిచేసే తీరు చూద్దాం. గుండె కండర కణాల పైపొరలో బీటా-1 రిసెప్టర్లు ఉంటాయి. డోబుటమిన్ వాటికి అంటుకోగానే కణం లోపల ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారవుతుంది. దాని ప్రభావంతో కాల్షియం ద్వారాలు ఎక్కువగా తెరుచుకుంటాయి. కాల్షియం ఎంత ఎక్కువగా అందితే కండరం అంత గట్టిగా ముడుచుకుంటుంది. ఆ వెంటనే కాల్షియాన్ని నిల్వ అరల్లోకి తిరిగి లాక్కునే పని కూడా వేగం పుంజుకుంటుంది కాబట్టి, గుండె త్వరగా వదులై మళ్లీ రక్తంతో నిండుతుంది. ఈ ఏటీపీని 1929లో కండరాల నుంచి వేరుచేసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. గుండె ముడుచుకోవడానికైనా, వదులవడానికైనా ఖర్చయ్యే ఇంధనం ఏటీపీయే. మందు కబురు మోసేదీ దాని నుంచే పుడుతుంది. అంటే గుండెను ఎంత గట్టిగా కొట్టించామో అంత ఇంధనం, అంత ఆక్సిజన్ ఖర్చు.

రక్తంలో డోబుటమిన్ సగానికి తగ్గడానికి రెండు నిమిషాలు చాలు. అందుకే మాత్రగా గానీ, ఒక్కసారి పొడిచే ఇంజెక్షన్‌గా గానీ ఇవ్వరు. 250 మిల్లీగ్రాముల మందును 50 మిల్లీలీటర్లకు కలిపి సిరంజి పంపులో పెడతారు. 60 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాముల చొప్పున ఇవ్వాలంటే పంపు మీద గంటకు 3.6 మిల్లీలీటర్లు అని నొక్కాలి. సిరంజి పిడి కదలిక కంటికి కూడా ఆనదు. కానీ కొద్ది నిమిషాల్లో చల్లబడ్డ చేతులు వెచ్చబడటం మొదలవుతుంది, తర్వాతి గంటల్లో ఆగిన మూత్రం సంచిలోకి దిగుతుంది. పంపు ఆపితే ప్రభావం అంత త్వరగానూ పోతుంది. మందు వల్ల గుండె లయ తప్పిన రోగికి ఈ గుణమే రక్ష.

ఇంత మంచి మందును రోజూ వాడితే గుండె జబ్బు నయమవ్వాలి కదా? చాలామంది వైద్యులు అలాగే ఆశించారు. డోబుటమిన్ వివరాలు వెలువడిన 1975లోనే స్వీడన్‌లో ఫిన్ వాగ్‌స్టీన్, ఆయన సహచరులు దీనికి పూర్తిగా ఎదురు మాట చెప్పారు. నీరసించిన గుండెకు బీటా రిసెప్టర్లను మూసే మందులు ఇస్తే కొందరు రోగులు కోలుకుంటున్నారన్నారు. చాలామంది నమ్మలేదు. 1982లో అమెరికాలో మైఖేల్ బ్రిస్టో బృందం విఫలమైన గుండెల్లో బీటా రిసెప్టర్లు బాగా తగ్గిపోయి ఉంటాయని చూపించింది. శరీరం తనంతట తానే అడ్రినలిన్ వంటివాటితో నెలల తరబడి గుండెను అదిలిస్తూ ఉంటే, ఆ గుండె తలుపులు మూసుకుంటోందన్నమాట.

ఆ తర్వాత పెద్ద పరీక్షలే తీర్పు చెప్పాయి. సైక్లిక్ ఏఎంపీ విరిగిపోకుండా ఆపి, మరో దారిలో గుండెకు బలమిచ్చే మందు మిల్రినోన్. 1991లో వెలువడిన ప్రామిస్ పరీక్షలో 1,088 మందిలో సగానికి మిల్రినోన్ మాత్రలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికంటే వారిలో మరణాలు 28 శాతం ఎక్కువ. 1999లో సిబిస్-2 పరీక్షలో బిసొప్రొలాల్ అనే బీటా బ్లాకర్ వాడినవారిలో మరణాలు 34 శాతం తక్కువ. ఒకే వ్యవస్థను అదిలించే మందు ఆయుష్షు తగ్గించింది, శాంతపరిచే మందు పెంచింది.

మరి డోబుటమిన్‌ను పక్కన పెట్టేయాలా? అక్కర్లేదు. అది గుండెకు చేబదులు లాంటిది. గండం గట్టెక్కడానికి అక్కరకొస్తుంది, దాన్నే జీతమనుకుంటే ఇల్లు గుల్లవుతుంది. హఠాత్తుగా గుండె వైఫల్యంతో వచ్చేవారిలో ఎక్కువమందికి బీపీ బాగానే ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరిన నీటిని దింపే మందులు వారికి కావాలి. పై బీపీ 90 లోపుకు జారి, కాళ్లూ చేతులూ చల్లబడి, మూత్రం తగ్గి, మాట తడబడుతున్నవారికే పంపింగ్ పెంచే మందు అవసరం. ఆ పరిస్థితిలో అదివ్వకపోతే కిడ్నీలు, కాలేయం ఒకదాని వెంట ఒకటి దెబ్బతింటాయి.

కొత్త మందులూ వచ్చాయి. ఫిన్లాండ్‌లో పుట్టిన లెవోసిమెండాన్ కాల్షియాన్ని పెంచడానికి బదులు, ఉన్న కాల్షియానికే కండరం బాగా స్పందించేలా చేస్తుంది. 1,327 మంది మీద దాన్ని డోబుటమిన్‌తో పోల్చి 2007లో ఫలితాలు ప్రకటిస్తే, ఆరు నెలల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2021లో డోబుటమిన్, మిల్రినోన్‌లను పోల్చినప్పుడూ ఏదీ గెలవలేదు. కారణం స్పష్టమే. ఈ మందులేవీ మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవవు, పాడైన కవాటాన్ని బాగుచేయవు. ఆ పనులు చేయడానికి వైద్యులకు గంటలో, రోజులో సమయం సంపాదించి పెడతాయి.

అందుకే మనవాళ్లకు డోబుటమిన్ మొదలుపెట్టారని తెలిస్తే పంపింగ్ ఎంత పెరిగిందని అడిగి ఊరుకోవద్దు. గుండె ఎందుకు నీరసించింది, దానికి ఏం చేస్తున్నారు, ఈ మందును ఎప్పుడు, ఎలా తగ్గిస్తారు అని డాక్టరుగారిని అడగండి. రోగి ఇంటికి నడిచి వెళ్లడం ఆ మూడు జవాబుల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.