పడక దగ్గర పద్యం

నిద్ర పట్టడానికి గోరువెచ్చని పాలు తాగమనీ, అరికాళ్ళకు నూనె మర్దించుకోమనీ చెప్పే వ్యాసాలు పాఠకులు ఎన్నో చదివి ఉంటారు. మా ఇంట్లోనూ వాటిని ఆచరించాము, ఇప్పటికీ ఆచరిస్తున్నాము. వాటితోపాటు మాకు అక్కరకు వచ్చిన మరొక ఉపాయం ఉన్నది. దానికి పైసా ఖర్చు లేదు. అయితే ప్రతి రాత్రీ అరగంటసేపు ఇంట్లో ఒకరు పుస్తకం పట్టుకుని మంచం దగ్గర కూర్చోవాలి.

మా బాపు ధర్మపురి దగ్గరి పల్లెలో పుట్టి, బతుకుతెరువు వెతుక్కుంటూ బెల్లంపల్లి బొగ్గు గనులకు చేరిన మనిషి. ఆ రోజుల్లో మొదటిది కరీంనగర్ జిల్లా, రెండవది ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాల విభజన జరిగిన తరువాత ఒకటి జగిత్యాల జిల్లాలోకీ, మరొకటి మంచిర్యాల జిల్లాలోకీ వెళ్ళాయి. ముప్పై నాలుగేళ్ళు ఆయన గనిలోకి దిగారు. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం పగటి షిఫ్టు, మరొక వారం రాత్రి షిఫ్టు. పట్టపగలు, పిల్లల గోల మధ్య, రేకుల కప్పు కింద కూడా హాయిగా నిద్రపోయేవారు. “బాయిల దిగెటోనికి నిద్ర కరువుంటదా బిడ్డా” అని నవ్వేవారు.

2018 చలికాలంలో మా అమ్మ నిద్రలోనే కన్నుమూసింది. పక్క మంచంలోనే బాపు పడుకుని ఉన్నారు. తెల్లవారి చాయ్ పెట్టమని పిలిస్తే అమ్మ పలకలేదు.

దినకర్మలు ముగిసిన తరువాత ఆయనను కరీంనగర్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాను. పగలు బాగానే ఉండేవారు. మనుమడితో మాట్లాడేవారు, కూరగాయలు తెచ్చేవారు. దీపం ఆర్పిన తరువాత కథ మొదలయ్యేది. ఒత్తిగిలడం, లేవడం, నీళ్ళు తాగడం, వరండాలో తిరగడం. ఒకనాడు మూడు గంటల వేళ చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఏమిటని అడిగితే, షిఫ్టుకు వేళయిందనుకున్నానన్నారు. మరునాడు దానికి ఆయనే సిగ్గుపడ్డారు.

ఎవరో చెప్పగా ఒక మందుల దుకాణం నుండి చీటీ లేకుండానే నిద్రమాత్రలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మాకు ఆలస్యంగా తెలిసింది. మొదట ఒకటి, తరువాత ఒకటిన్నర. ఆరు నెలలు గడిచాయి. ఒక తెల్లవారుజామున ఆ మత్తులోనే లేచి, స్నానాల గది గడప దగ్గర పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఎముకల వైద్యుడు కట్టు వేసి, మాత్రల సంగతి విని, మరొక వైద్యుని దగ్గరకు పంపారు. ఆ వైద్యుడు మాత్రను ఒక్కసారిగా మానరాదనీ, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలనీ చెప్పి, ఎలా తగ్గించాలో కాగితం మీద వ్రాసి ఇచ్చారు. పాఠకులు ఈ మాటను తప్పక గుర్తుంచుకోవాలి. చాలాకాలంగా వాడుతున్న నిద్రమాత్రను సొంత బుద్ధితో హఠాత్తుగా ఆపితే ప్రమాదం.

తగ్గించే ఆ రోజులు మాకు పరీక్షగానే గడిచాయి. నేను పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. ఒక రాత్రి ఆయన గదిలోనే కూర్చుని మరునాటి పాఠంలోని పద్యాన్ని గొంతు విప్పి రెండు మూడు సార్లు చదువుకుంటున్నాను. కొంతసేపటికి మంచం కిర్రుమనడం ఆగిపోయింది. తిరిగి చూస్తే కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్ర కాదు, వింటున్నారు. ఆ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో నేను లెక్కపెట్టలేదు గాని, గేటు చప్పుడు మాత్రం వినిపించలేదు.

ఈ సంగతి మాకు పరిచయమున్న ఒక ఆయుర్వేద వైద్యునితో అంటే, ఆయన చరక సంహిత తీసి చూపించారు. సూత్రస్థానం 21వ అధ్యాయంలో నిద్ర పట్టని వారికి చెప్పిన ఉపాయాల పట్టిక ఉన్నది. అభ్యంగనం, నలుగు, స్నానం, పాలు, నెయ్యి, పెరుగుతో శాలి అన్నం, ఒళ్ళు పట్టడం, తలకూ ముఖానికీ లేపనం, చక్కగా పరచిన పడక, సుఖమైన గది, తగిన వేళ. వీటి మధ్యనే మనస్సుకు నచ్చిన వాసనలు, మనస్సుకు నచ్చిన శబ్దాలు అనే మాటలు కూడా ఉన్నాయి. (ఆ పట్టికలో మద్యం కూడా ఉన్నది. దాన్ని మాత్రం నేటి వైద్యులు ఒప్పుకోరు. మద్యం మొదట మత్తు కలిగించి, అర్ధరాత్రి దాటాక నిద్రను చెడగొడుతుంది.) అదే గ్రంథం సూత్రస్థానం 15వ అధ్యాయంలో చికిత్సా గృహాన్ని ఎలా కట్టాలో వర్ణిస్తూ, అక్కడ ఉండవలసిన పరిచారకులలో వంటవారిని, స్నానం చేయించేవారిని, ఒళ్ళు పట్టేవారిని చెప్పి, వారితోపాటు పాటలు, శ్లోకాలు, కథలు, ఇతిహాస పురాణాలు చెప్పడంలో నేర్పరులను కూడా నియమించాలన్నారు. రోగి మంచం దగ్గర కథ చెప్పేవాడికి అంత ప్రాచీన కాలంలోనే ఒక కొలువు ఉన్నదన్నమాట!

నిద్రలేమికి కారణాలను కూడా చరకుడు క్లుప్తంగా చెప్పాడు: చేసే పని, కాలం, వ్యాధి, ప్రకృతి, వాతం. బాపు విషయంలో ఇందులో ఏది లేదు? షిఫ్టుల పని ఉన్నది, వయస్సు ఉన్నది, కట్టెలాంటి వాత శరీరం ఉన్నది. కాని అసలు కారణం ఈ పట్టికకు అందలేదు. దాన్ని ఆయన నోటి నుండి వినడానికి నాకు ఇంకొంత కాలం పట్టింది.

మొదట నేను చేసిన పొరపాట్లు చెప్పాలి. తెలుగువారికి పద్యమంటే పోతన గుర్తుకు వస్తాడు గనుక గజేంద్రమోక్షంతో ప్రారంభించాను. మూడవ పద్యానికే బాపు లేచి కూర్చున్నారు! నాతో గొంతు కలిపారు. మొసలి పట్టు వదిలేదాకా పడుకునే ప్రసక్తి లేదు. ప్రహ్లాద చరిత్ర చదివితే తండ్రీ కొడుకుల వాదాన్ని గురించి చర్చకు దిగారు. పోతన చేతిలో నిద్రపోవడం కష్టమని రెండు వారాలలో తెలిసిపోయింది. బైబిల్లోని ఎస్తేరు గ్రంథంలోనూ ఇలాంటి సంగతి ఒకటి ఉన్నది. నిద్ర పట్టని రాజు తన రాజ్యపు సమాచార గ్రంథాన్ని చదివించుకుంటాడు. అందులో తన ప్రాణం కాపాడిన వానికి బహుమానం ఇవ్వలేదని బయటపడి, ఆ ఏర్పాట్లలో పడిపోతాడు. వార్తలూ వ్యవహారాలూ పడక దగ్గరకు రానీయకూడదనడానికి ఇంతకంటే పాత ఉదాహరణ నాకు దొరకలేదు.

చివరకు దారి చూపింది బాపు పుట్టిన నేలే. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకాన్ని చిన్ననాడు గోదావరి ఒడ్డున, గుడి మెట్ల మీద విని పెరిగారాయన. చదువు తక్కువైనా సగం శతకం చెవికి అంటుకుని ఉన్నది. అది సీస పద్యాల శతకం. సీసంలో పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. పాదం పొడవైనది గనుక చదివేవారు నింపాదిగా, ఊపిరి కూడదీసుకుంటూ చదవవలసిందే. నాలుగు పాదాల తరువాత గీతపద్యం వచ్చి వేగం తగ్గుతుంది. ఆపైన ప్రతి పద్యమూ ధర్మపురి స్వామిని పిలిచే అదే మకుటంతో ముగుస్తుంది. ఎక్కడ తిరిగినా మళ్ళీ అదే రేవుకు వచ్చినట్లు ఉంటుంది. తరువాత ఏమవుతుందన్న ఆత్రుత లేదు. ఏ పద్యం దగ్గర కన్ను మూతపడినా నష్టం లేదు.

ఒక్కటే అడ్డం వచ్చింది. “పండుకోని దేవుని పద్యం వినుడు పాపం గాదా బిడ్డా? పురాణంల కునుకు తీసెటోన్ని మా అయ్య కొట్టేది” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. రెండు రాత్రులు గోడకు ఆనుకుని కూర్చునే విన్నారు, మెడ వాలిపోతున్నా పడుకోలేదు. మూడవనాడు ఆయనే తేల్చుకున్నారు. “రాత్రి షిఫ్టు చేసినోని సంగతి నర్సింహస్వామికి ఎర్కలేదా” అని దుప్పటి కప్పుకున్నారు.

ఇంద్రియాలు అలసి తమ విషయాల నుండి మరలినప్పుడు నిద్ర వస్తుందని శాస్త్రం చెబుతుండగా, చెవికి పని కల్పిస్తే నిద్ర ఎలా వస్తుందని కొందరికి సందేహం కలుగవచ్చు. నాకూ కలిగింది. నిద్ర పట్టనివానికి బయటి చప్పుడు కంటే లోపలి చప్పుడే పెద్దది. దానిని అణచబోతే మరింత పెరుగుతుంది, దాని స్థానంలో మరొకదానిని నిలపాలి. 2002లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నిద్రలేమితో బాధపడేవారిపై జరిపిన పరిశీలన కూడా ఇటువంటిదే చూపింది. ఆహ్లాదకరమైన ఒక దృశ్యాన్ని మనస్సులో వివరంగా ఊహించుకొమ్మన్న వారు, ఏమీ చెప్పకుండా వదిలేసిన వారికంటే త్వరగా నిద్రలోకి వెళ్ళారు. బ్రిటిష్ రేడియో బి.బి.సి. 1949 నుండి పడుకునే వేళకు పుస్తక పఠనం ప్రసారం చేస్తూ వస్తున్నదంటే, ఈ అవసరం మన ఒక్కరిదే కాదని తెలుస్తుంది.

అనుభవంతో మాకు కుదిరిన పద్ధతి ఇది. భోజనం ఎనిమిదిలోపు ముగియాలి. నిద్రను కలిగించే వాటిలో గేదెపాలను చరకుడు మొదటిదిగా చెప్పాడు. అవి ఒక చిన్న గ్లాసెడు, గోరువెచ్చగా, పడుకోవడానికి గంటన్నర ముందే ఇస్తాము. ఆలస్యంగా ఇస్తే మూత్రానికి లేవవలసి వస్తుంది. మధుమేహం ఉన్నవారు చక్కెర కలుపరాదు. కఫం, అజీర్ణం ఉన్నవారికి ఈ పాలు బరువు చేస్తాయి. అరికాళ్ళకు నువ్వుల నూనె పట్టించి పది నిమిషాలు మర్దించిన తరువాత గుడ్డతో శుభ్రంగా తుడవాలి. లేకుంటే రాత్రి లేచినప్పుడు గచ్చు మీద జారుతారు. ఒకసారి పడిన మనిషి ఉన్న ఇంట్లో ఈ జాగ్రత్తను నేను మందు కంటే ముందు చెబుతాను.

చదివేవారు కాళ్ళ వైపు కూర్చోవాలి. దీపం పుస్తకం మీదికే పడాలి. గొంతు మామూలుగా మొదలుపెట్టి పద్య పద్యానికి తగ్గించాలి. అర్థాలు చెప్పకూడదు. ఉపాధ్యాయురాలిని గనుక ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. “నిద్ర పట్టిందా?” అని ఎన్నడూ అడగకూడదు. పట్టిన నిద్ర కూడా ఆ ప్రశ్నకు ఎగిరిపోతుంది. ఊపిరి దీర్ఘమైందని తోచగానే ఠక్కున ఆపకుండా, ఇంకా రెండు మూడు పద్యాలు సన్నగా చదివి విరమించాలి. హఠాత్తుగా వచ్చిన నిశ్శబ్దం కూడా మనిషిని లేపుతుంది. మరునాడు మనం ఆపిన చోట గాక, విన్నవారికి గుర్తున్న చోటు నుండి మొదలుపెట్టాలి. వచనం ఇష్టపడేవారికి చిన్నయసూరి నీతిచంద్రిక గాని, మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు గాని బాగుంటాయి. కాశీయాత్రకు తోడుగా వచ్చిన గొల్లపిల్లవాడు ప్రతి మజిలీలోనూ కథ చెప్పాలని యతితో షరతు పెట్టుకుంటాడు గదా, ఆ కథలకు రాత్రి బస వాతావరణం పుట్టుకతోనే ఉన్నది.

నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి వేరే ఊరు వెళ్ళవలసి వచ్చినప్పుడు, మా అబ్బాయి నా గొంతును ఫోనులో రికార్డు చేసి తాతకు వినిపించాడు. అదే శతకం, అదే గొంతు. బాపుకు మాత్రం పని చేయలేదు. తిరిగి వచ్చాక కారణం అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. “అది పెట్టె బిడ్డా. నేను పండుకున్నంక అది నన్ను చూడదు గద. ఆ దినం నేను నిద్రబోయిన, మీ అమ్మ పోయింది. ఇంట్ల ఒక్కరన్న మేల్కొని ఉండాలె” అన్నారు.

ఏడాదికి పైగా ఆయన రాత్రంతా కావలి కాస్తున్నారని నాకు అప్పుడు తెలిసింది. నేను పద్యం చదువుతున్నంతసేపూ ఆ కావలి నా వంతు అవుతున్నది. అందుకే నిద్ర పట్టేది. ఆ తరువాత ఆయన మంచాన్ని మనుమడి మంచం పక్కకు మార్చాము. రాత్రి చదువుకునే పిల్లవాడు పన్నెండు దాకా మేలుకునే ఉంటాడు. అందరికీ రికార్డు పనికిరాదని నేను అనను. ఒంటరిగా ఉన్నవారికి, కొడుకులు గల్ఫు దేశాలలో ఉన్న జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల ఇళ్ళలోని పెద్దలకు అది మేలే చేయవచ్చు. ఫోను తెర కళ్ళకు కనబడకుండా బోర్లించి, దూరంగా పెట్టుకోవాలి. వీలైతే బిడ్డల గొంతునే రికార్డు చేయించుకోవాలి.

పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవారు, కాళ్ళలో తీపులతో పడుకోలేనివారు, దిగులుతో తిండి మానినవారు పద్యాల మీద ఆధారపడక ముందుగా వైద్యునికి చూపించుకోవాలి.

మాత్రలు పూర్తిగా మానడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. నిద్ర రాని రాత్రులు బాపుకు ఇప్పటికీ నెలకు రెండో మూడో వస్తాయి. మొన్న ఒకనాడు పాఠశాలలో పని ఎక్కువై, చదువుతూ చదువుతూ నేనే కుర్చీలో నిద్రపోయాను. తెల్లవారి మెలకువ వచ్చి చూస్తే నా కళ్ళజోడు కిటికీలో ఉన్నది, పుస్తకం మూసి ఉన్నది, ఆయన దుప్పటి నా మీద ఉన్నది. బాపు ఎప్పుడు పడుకున్నారో తెలియదు. ఏడు దాటినా ఇంకా లేవలేదు.