రాయికి ధరా, పేరుకు ధరా?
గిల్టు నగల నుంచి వజ్రాల దాకా షనెల్ వ్యాపారం

నగకు ధర కట్టేటప్పుడు బజారులో చూసేవి మూడు: లోహం తూకం, రాయి నాణ్యం, మజూరీ. వీటికి నాలుగవదిగా పేరును కూడా చేర్చి, దానికి దాదాపు నూరేళ్లుగా ధర రాబట్టుకుంటున్న సంస్థ పారిస్‌లోని షనెల్. పుట్టుకతో ఇది నగల కొట్టు కాదు. టోపీలు, ఆడవారి దుస్తులు అమ్మిన దుకాణం. గిల్టు సరుకుతో నగల వ్యాపారంలో దిగి వజ్రాలను చేరుకున్న ఈ సంస్థ చరిత్రలో వర్తకులు గమనించదగిన సంగతులు ఉన్నవి.

గాజు ముత్యాలతో బోణీ

సంస్థ స్థాపకురాలు గాబ్రియెల్ షనెల్ (1883–1971) 1910లో పారిస్‌లోని రూ కాంబోన్ వీధిలో టోపీల దుకాణం తెరిచారు. 1920 తర్వాతి సంవత్సరాలలో దుస్తులతోపాటు నకిలీ నగలనూ అమ్మకానికి పెట్టారు. అప్పటివరకు నకిలీ నగ అంటే అసలు కొనలేనివారు గుట్టుగా పెట్టుకునే సరుకు. షనెల్ ఆ గుట్టును వదిలేశారు. నకిలీని నకిలీగానే, పెద్ద పెద్ద పూసలతో, పేటలు పేటలుగా అమ్మారు. అసలు ముత్యాలను, గాజు ముత్యాలను కలిపి తానే ధరించి చూపారు.

ఈ సరుకులో కొంత పారిస్‌లోని గ్రిపుఆ కార్ఖానాలో తయారయ్యేది. కరిగిన గాజును లోహపు చట్రాలలో పోసి రంగురాళ్ల నగలు చేయడం అక్కడి పనితనం. అవే సంవత్సరాలలో జపాన్ సాగు ముత్యాలు ఐరోపా బజారుకు చేరినవి. 1930 ప్రాంతంలో సహజ ముత్యాల ధరలు కుప్పకూలి, గల్ఫ్ ముత్యాల వర్తకులు చితికిపోయారు. గాజు ముత్యాలు అమ్మినవారికి ఆ దెబ్బ తగలలేదు.

1932 నాటి బేరం

1929లో న్యూయార్క్ షేర్ మార్కెట్ పతనంతో వజ్రాలకు గిరాకీ అడుగంటింది. సరుకు నిల్వలు పేరుకుపోయినవి. 1932లో డి బీర్స్ సంస్థ గనులలో పని నిలిపివేసింది. ఆ స్థితిలో లండన్ వజ్ర వర్తకులు గిరాకీ లేపడానికి ఆశ్రయించింది పేరున్న నగల కొట్లను కాదు. గాజు నగలు అమ్ముతున్న షనెల్‌ను.

ఆ ఏడాది నవంబరులో షనెల్ తన నివాసంలోనే వజ్రాల నగల ప్రదర్శన పెట్టారు. తోకచుక్కలు, నక్షత్రాలు, రిబ్బన్ల ఆకారాలలో, ప్లాటినంలో పొదిగిన నగలను మైనపు బొమ్మలకు అలంకరించారు. ప్రవేశ రుసుమును ధర్మ సంస్థలకు ఇచ్చారు. బజారు బాగున్న రోజులలో నకిలీ అమ్మి, డబ్బుకు కటకటగా ఉన్న రోజులలో అసలు చేతపట్టడం చూసేవారికి విడ్డూరం. కాని ఆమె లెక్క వేరు: కష్టకాలంలో మనిషి నిలకడైన విలువ గల వస్తువునే కోరుతాడని ఆమె అంచనా.

పారిస్ నగల వర్తకులకు ఇది కంటగింపు అయింది. తమ వ్యాపారంలో దర్జీ దుకాణం చేయి పెట్టడమేమిటని అభ్యంతరం లేవదీశారు. ప్రదర్శన ముగిసిన పిదప నగలలో చాలావాటిని విడదీసి రాళ్లు తీసేశారు. నేటికి మిగిలినవి బహు కొద్ది.

తిరిగి రాక

1939లో యుద్ధం రావడంతో షనెల్ దుస్తుల వ్యాపారం మూసివేసి, 1954లో తిరిగి తెరిచారు. అటుపై రాబేర్ గోసెన్స్ అనే స్వర్ణకారుడు ఆమెకు గిల్టు నగలు చేసి ఇచ్చాడు. ఆమె మరణానంతరం సంస్థ తనకు సరుకు చేసే కార్ఖానాలనే కొనుగోలు చేయడం మొదలుపెట్టింది: 1985లో గుండీలు, గిల్టు నగలు చేసే దెరూను, 2005లో గోసెన్స్‌ను తన చేతిలోకి తెచ్చుకున్నది. అసలు నగల విభాగాన్ని 1993లో ప్రారంభించి, 1997లో పారిస్ నగల వర్తకుల కోట అయిన ప్లాస్ వాందోమ్‌లోనే దుకాణం తెరిచింది. 1932లో కాదన్న బజారులో స్థానం దక్కడానికి 65 ఏళ్లు పట్టిందన్నమాట.

తూకం తగ్గించిన వజ్రం

షనెల్ 5వ నంబరు అత్తరు 1921లో వచ్చింది. దాని నూరేళ్ల సందర్భంగా 2021లో సంస్థ ఒక వజ్రాల హారం చేయించింది. అందులోని మేలిరకం వజ్రం తూకం సరిగా 55.55 కారట్లు. సాధారణంగా ముడిరాయి నుంచి ఎంత ఎక్కువ తూకం దక్కితే అంత లాభమని వర్తకుడు చూస్తాడు. ఇక్కడ అంకె కోసమే ఆ తూకానికి కోయించారు. ఆ హారం అమ్మకానికి లేదని కూడా సంస్థ ప్రకటించింది.

పాత షనెల్ గిల్టు నగలు నేటికీ వేలంపాటలలో లోహం విలువతో నిమిత్తం లేని ధరలకు పోతున్నవి. అయితే గిల్టును కరిగిస్తే మిగిలేది ఇత్తడే. పేరు నిలిచినంతకాలమే ఆ ధర నిలుస్తుంది. రాయికి ఆ చిక్కు లేదు గాని, గిరాకీ లేనినాడు రాయి కూడా పేరునే ఆశ్రయించవలసి వచ్చిందని 1932 చెబుతున్నది.