గాలి తుపాకి గురి: బలం కన్నా నిలకడ మిన్న

తిరునాళ్ళలోను, ఎగ్జిబిషన్లలోను చెక్కపలకకు వరుసగా కట్టిన రంగుబుడగలను ఎయిర్‌గన్‌తో పేల్చే ఆట తెలుగువారికి సుపరిచితం. దుకాణదారు తుపాకిని మధ్యకు విరిచినట్లు వంచి, చిన్న సీసపు గుండును అమర్చి చేతికిస్తాడు. అందులో మందు లేదు, నిప్పు లేదు. అయినా ట్రిగ్గరు నొక్కగానే గుండు దూసుకుపోతుంది. పేల్చిన వాటిలో సగం తప్పిపోతే ‘గొట్టం వంకర’ అని తుపాకిని నిందించడం రివాజు. ఆ నిందలో ఒక్కొక్కప్పుడు నిజం లేకపోలేదు. కాని తిన్నని గొట్టమున్న తుపాకి సైతం గురి తప్పడానికి వేరొక కారణముంది. స్ప్రింగు గాలి తుపాకిలో గుండు బయటికి వెళ్ళకముందే తుపాకి కదిలిపోతుంది. ఈ వింతను అర్థం చేసుకుంటే తుపాకిని సరిదిద్దడం, గురిగా పేల్చడం అనే రెండు విద్యల మర్మమూ బోధపడుతుంది.

బర్మింగ్‌హామ్ నుండి ససెక్స్ దాకా

బ్రిటన్‌లో ఈ తుపాకికి శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. బర్మింగ్‌హామ్ నగరానికి చెందిన లింకన్ జెఫ్రీస్ 1904లో ఒక గాలి రైఫిలుకు పేటెంటు పొందాడు. దాన్ని తయారుచేసిన సంస్థ బి.ఎస్.ఎ. సైకిళ్ళ మీద ఆ పేరు చూడని భారతీయులు అరుదు. అందులోని మూడక్షరాలకు ‘బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్’ అని అర్థమన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

1980లో ఇంగ్లండు దక్షిణ ప్రాంతమైన ససెక్స్‌లోని మాగమ్ డౌన్ అనే పల్లెలో ‘ఫీల్డ్ టార్గెట్’ అనే పోటీ ఆరంభమైంది. ఎలుక, కాకి వంటి ఆకారాలలో కత్తిరించిన ఇనుప రేకులను చెట్లనడుమ 8 నుండి 55 గజాల దూరాలలో నిలుపుతారు. ప్రతి రేకులోను ఒక గుండ్రని రంధ్రం, దాని వెనుక ఒక మీట ఉంటాయి. గుండు రంధ్రంగుండా పోయి మీటను తాకితే రేకు వెనక్కి పడిపోతుంది. అంచుకు తగిలితే అలాగే నిలబడి ఉంటుంది. దూరమెంతో పోటీదారుకు ఎవరూ చెప్పరు. ఈ క్రీడ అనేక దేశాలకు వ్యాపించింది. నిల్వ చేసిన గాలితో పనిచేసే తుపాకులు రంగాన్ని ఆక్రమించినా, స్ప్రింగు తుపాకుల వారికి అంతర్జాతీయ పోటీలలో ప్రత్యేక విభాగం ఉంది.

సెకనులో నూరో వంతు

స్ప్రింగు తుపాకి నిర్మాణం చూడటానికి సులభం. ఉక్కు గొట్టంలో ఒక పిస్టను, దాని వెనుక బలమైన చుట్ల స్ప్రింగు ఉంటాయి. తుపాకిని వంచినప్పుడు, లేదా అడుగుమీటను లాగినప్పుడు, పిస్టను వెనక్కి జరిగి స్ప్రింగు అణగి, కొక్కేనికి తగులుకుంటుంది. ట్రిగ్గరు నొక్కితే కొక్కెం వీడి పిస్టను ముందుకు దూకుతుంది. దాని ముందున్న గాలి ఇరుకున పడి, సుమారు 3 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న రంధ్రం ద్వారా గుండు వెనుకకు చేరుతుంది.

ఇందులో పాల్గొనే గాలి ఎంతో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పిస్టను వ్యాసం 25 మిల్లీమీటర్లు, ప్రయాణం 80 మిల్లీమీటర్లు అనుకుంటే, దాని ముందున్న గాలి ఘనపరిమాణం 39 ఘన సెంటీమీటర్లు. దాని బరువు గ్రాములో ఇరవయ్యో వంతు కూడా లేదు. గుండు బరువు సుమారు 0.55 గ్రాము. అంటే తన బరువులో పదో వంతైనా లేని గాలి ఆ గుండును సెకనుకు 240 మీటర్ల వేగానికి తీసుకుపోతుంది.

గాలి అంత వేగంగా అణిగినప్పుడు వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. తుపాకిలో ఆ వేడి కొన్ని వందల డిగ్రీలకు చేరి, పిస్టను అంచున ఉన్న నూనె ఆవిరిని మండించగలదు. డీజిలు ఇంజను పనిచేసే సూత్రమూ ఇదే. బ్రిటన్‌కు చెందిన కార్డ్యూ తండ్రీకొడుకులు ఈ విషయాన్ని చక్కని ప్రయోగంతో నిరూపించారు. మంటకు తావివ్వని నైట్రోజన్ వాయువులో ఒక శక్తిమంతమైన రైఫిలును పేల్చి చూడగా, గుండు వేగం దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. ‘గాలి’ తుపాకి అని పిలుస్తున్నా, శక్తిమంతమైన తుపాకిలో కొంత పని నిప్పు చేస్తున్నదన్నమాట. కందెన నూనె ఎక్కువైతే ఈ మంట అదుపు తప్పి పెద్ద శబ్దంతో పేలుతుంది. స్ప్రింగు విరగవచ్చు, పిస్టను సీలు చెడవచ్చు. కొత్త తుపాకికి ప్రేమతో నూనె పోయడం దానికి చేసే అపకారం.

ఇక అసలు చిక్కు. పిస్టను ముందుకు దూకితే, న్యూటన్ మూడవ గమన సూత్రం ప్రకారం, తుపాకి వెనక్కి జరగాలి. పిస్టను, దానితో కదిలే స్ప్రింగు భాగం కలిసి 300 గ్రాములు, తుపాకి 4 కిలోలు అనుకుంటే, పిస్టను 80 మిల్లీమీటర్లు సాగేసరికి తుపాకి 6 మిల్లీమీటర్లు వెనక్కి వస్తుంది. అప్పటికి గుండు కదలడం ఇప్పుడే మొదలవుతున్నది. గాలి పీడనం ఉచ్చస్థితికి చేరి పిస్టను ఆగి, వెనక్కి ఎగిరిపడినప్పుడు తుపాకి ఒక్కసారిగా ముందుకు తన్నుతుంది. ఈ రెండు కుదుపుల నడుమనే గుండు గొట్టం దాటిపోవాలి. ఇదంతా సెకనులో నూరో వంతుకు అటూఇటూగా ముగుస్తుంది. మనిషి కంటికి కనిపించి చేతికి ఆజ్ఞ చేరడానికే సెకనులో అయిదో వంతు పడుతుంది. కనుక ఆ కదలికను అడ్డుకోవడం ఎవరితరమూ కాదు. చేయగలిగినది ఒక్కటే: ప్రతిసారీ అది ఒకే విధంగా కదిలేటట్లు చూడడం.

సరిదిద్దడమంటే బలం పెంచడం కాదు

తుపాకిని ‘ట్యూన్’ చేయడమంటే బలమైన స్ప్రింగు వేయడమని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటని చిన్న లెక్క తేలుస్తుంది. సెకనుకు 780 అడుగుల వేగంతో బయలుదేరిన సాధారణ గుండు, గొట్టపు రేఖ నుండి 25 గజాల వద్ద సుమారు 5 సెంటీమీటర్లు, 50 గజాల వద్ద సుమారు 24 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. ఈ జారుడు ఎంతైనా సరే, ముందే తెలిస్తే దూరదర్శినిని తిప్పి సరిచేసుకోవచ్చు. వేగం గుండుకూ గుండుకూ మారితేనే చిక్కు. వేగంలో 20 అడుగుల తేడా వస్తే 50 గజాల వద్ద గుండు 12 మిల్లీమీటర్లు పైకో కిందికో పోతుంది. ఆ దూరంలో లక్ష్యపు రంధ్రం వెడల్పు సాధారణంగా 40 మిల్లీమీటర్లే. బలం లేని తుపాకికి విరుగుడు ఉంది. నిలకడ లేని తుపాకికి లేదు.

నిలకడ సాధించే మార్గాలు కొన్ని. మొదటిది స్ప్రింగు లోపలి ఆధారం. ఫ్యాక్టరీ తుపాకులలో ఈ ఆధారపు కడ్డీకీ స్ప్రింగుకూ మధ్య సందు ఉండి, పేల్చినప్పుడు స్ప్రింగు వీణతీగవలె మోగుతుంది. స్ప్రింగు లోపల బిగువుగా ఇమిడే ప్లాస్టిక్ కడ్డీని కొలత ప్రకారం చేయించి అమరిస్తే ఆ మోత, దానితోపాటు కంపనం అణగిపోతాయి. రెండవది పిస్టను సీలు. అది మరీ బిగువైతే ఘర్షణ, మరీ వదులైతే గాలి నష్టం. గొట్టం లోపల పదునైన అంచులుంటే వాటిని నునుపు చేయకపోతే కొత్త సీలు లోపలికి వెళ్ళేటప్పుడే చీరుకుపోతుంది. మూడవది కందెన. మాలిబ్డినం కలిసిన నల్లని లేపనాన్ని పిస్టను పక్కలకు పొగ పట్టినంత పలుచగా పూస్తే చాలు; పిస్టను ముందు భాగానికి తగలనీయరాదు. నాలుగవది అందరూ మరచేది: కొయ్యను ఇనుముకు బిగించే మరలు. కుదుపులకు అవి వదులైతే ఎంత మంచి తుపాకి అయినా గుండ్లను చెల్లాచెదరు చేస్తుంది. గురి చెడిందన్న అనుమానం వస్తే ముందుగా చూడవలసినవి ఇవే.

స్ప్రింగు తుపాకిలో అమర్చి ఉన్నప్పుడే కొంత అణగి ఉంటుంది. వెనుక మూతను ఊరక విప్పితే అది ముఖానికే తగలవచ్చు. దాన్ని అదిమిపట్టే బిగింపు సాధనం లేనివారు విప్పకుండా, తెలిసిన పనివారికి అప్పగించడం మేలు. అలాగే, గుండు లేకుండా తుపాకిని పేల్చరాదు. గుండు అడ్డం ఉంటేనే గాలి పరుపువలె పిస్టనును ఆపుతుంది. లేకపోతే ఇనుము ఇనుమును ఢీకొంటుంది.

పట్టీపట్టని పట్టు

మందుగుండు రైఫిలు అలవాటైనవారు తుపాకిని భుజానికి గట్టిగా అదుముకుంటారు. స్ప్రింగు తుపాకికి ఈ పద్ధతి పనికిరాదు. గట్టిగా పట్టిన చేయి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ బిగుస్తుంది. తుపాకి ఆ మేరకు వేర్వేరు దిక్కులకు తన్నుతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు భాగాన్ని తెరచిన అరచేతిలో ఊరక ఆనించి, భుజానికి తాకీతాకనట్లు ఉంచుతారు. తుపాకి వెనక్కి, ముందుకు తన ఇష్టప్రకారం జరగడానికి వీలిస్తారు. అరచేయి ఉండే చోటు మాత్రం ప్రతిసారీ ఒకటే కావాలి. అంగుళం ముందుకు జరిగినా గుండు పడే చోటు మారవచ్చు. తుపాకిని నేరుగా గట్టి బల్లమీద ఆనిస్తే అది ఎగిరిపడి గురి మారుతుంది. పేల్చిన తరువాత కూడా క్షణకాలం లక్ష్యాన్ని చూస్తూ కదలకుండా ఉండాలి.

రెండు దిక్కుల కుదుపు దూరదర్శినికీ పరీక్షే. మందుగుండు రైఫిళ్ళకోసం చేసినవి కొన్ని స్ప్రింగు తుపాకిమీద త్వరలోనే పాడవుతాయి. దీనికి తగినదే కొనాలి. అది జారకుండా అడ్డుపుల్ల ఉన్న బిగింపులు వాడాలి.

గాలిని మరువరాదు. గంటకు 10 మైళ్ళ అడ్డగాలి 50 గజాల వద్ద గుండును సుమారు 12 సెంటీమీటర్లు పక్కకు నెడుతుంది. లక్ష్యం దగ్గర గడ్డిపరక వంగే తీరు చూసి గురి మార్చుకోవడం ఏళ్ళ సాధనతో వచ్చే విద్య.

చట్టం గీసిన గీత

ఇంగ్లండు, వేల్స్‌లలో గాలి రైఫిలు శక్తి 12 అడుగు-పౌండ్లను, అనగా 16.3 జౌళ్ళను, మించరాదు. కిలోన్నర పైచిలుకు బరువును మీటరు ఎత్తుకు లేపడానికి పట్టే శక్తి ఇంతే. మించితే అది చట్టం దృష్టిలో అసలైన తుపాకి. పోలీసు సర్టిఫికెట్ లేకుండా ఉంచుకోవడం జైలు శిక్షకు దారితీయగల నేరం. తెలియక జరిగిందనడం రక్షణ కాదు. స్కాట్లండులో 2016 డిసెంబరు 31 నుండి ఈ పరిమితిలోని తుపాకులకు సైతం లైసెన్సు ఉండాలి. ఉత్తర ఐర్లండులో 1 జౌలు దాటితేనే సర్టిఫికెట్ అవసరం. కనుక స్ప్రింగు మార్చినవారు వేగమాపక యంత్రంతో, ఒక్క రకం గుండుతో కాక తేలికవి, బరువైనవి అన్నిటితో పరీక్షించి, 11 అడుగు-పౌండ్ల పైచిలుకు వద్ద ఆపడం విజ్ఞత. సీసం విషపదార్థం గనుక గుండ్లు ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా తినరాదు. తుపాకి, గుండ్లు పిల్లలకు అందని చోట తాళంలో ఉండాలి.

ఎందుకింత శ్రమ

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల గాలి రైఫిలు పోటీ ప్రవేశించింది. 2012 లండన్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్య పతకం గెలిచింది ఈ పోటీలోనే. నేటి ఒలింపిక్ తుపాకులు సీసాలో నింపిన గాలితో, కుదుపు దాదాపు లేకుండా పనిచేస్తాయి. స్ప్రింగు తుపాకి ఆ సౌకర్యం ఇవ్వదు. చేతిలోని ప్రతి లోపాన్నీ లక్ష్యపు కాగితంమీద చూపెడుతుంది. మంచి గురువుగా దానికి పేరు రావడం ఇందువల్లనే.

నేర్చుకొనేవారికి పద్ధతి సులభం. 25 గజాల వద్ద ఒకే రకం గుండ్లు పది పేల్చి, రంధ్రాల గుంపు వెడల్పు కొలిచి రాసుకోవాలి. తరువాత గుండు రకమో, చేయి ఆనించే చోటో, మరల బిగువో ఏదైనా ఒక్కటే మార్చి మళ్ళీ పది పేల్చాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే మేలు దేనివల్ల కలిగిందో తెలియదు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు పాటించే నియమం పెరటిలోని తుపాకికీ అదే.