పందెపు ఆటల ప్రాంతీయ పాఠాలు – ఎమ్యులేటర్లు: ‘సూపర్ మారియో కార్ట్’ ఆధారంగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుడు ఒక పాఠాన్ని గ్రహించినా, తక్కిన పాఠాంతరాలను అధోజ్ఞాపికల్లో నిలుపుతాడు. పాత వీడియో గేములను భద్రపరిచేవారికీ ఇటువంటి బాధ్యతే ఉంది. ఒకే పేరుతో వెలువడిన ఆటకు దేశాన్నిబట్టి భిన్న రూపాలుంటాయి. పందెపు ఆటల్లో గెలుపును నిర్ణయించేది కాలం కనుక వాటిలో ఈ భేదం మరింత కీలకం. 1992లో జపాన్, ఉత్తర అమెరికాలలోనూ, 1993లో ఐరోపాలోనూ నింటెండో విడుదల చేసిన ‘సూపర్ మారియో కార్ట్’ ఆధారంగా దీనిని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. భేదానికి మూలం

జపాన్, ఉత్తర అమెరికాలలో నాటి టెలివిజన్ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. అందులో 525 గీతలు. చిత్రం సెకనుకు దాదాపు 60 సార్లు మారుతుంది. పశ్చిమ ఐరోపాలోని అనేక దేశాలు, భారతదేశం అనుసరించిన పాల్ పద్ధతిలో 625 గీతలు, 50 మార్పులు. నాటి ఆటలు చాలావరకు చిత్రం మారినప్పుడల్లా ఒక అడుగు ముందుకు సాగేవి. అటువంటి ఆటను సవరించకుండా పాల్ యంత్రంపై నడిపితే వేగం ఆరింట ఐదు వంతులకు తగ్గుతుంది. 3,600 చిత్రాలలో ముగిసే పందెం 60 సెకన్లకు బదులు 72 సెకన్లు పడుతుంది. 30 చిత్రాల తరువాత ఎదురయ్యే అడ్డంకిని తప్పించుకోవడానికి 0.5 సెకనుకు బదులు 0.6 సెకను దొరుకుతుంది. అందుకే ఈ ఆట పోటీదారులు రెండు పద్ధతుల రికార్డులను వేర్వేరు పట్టికలలో నమోదు చేస్తారు.

భేదం వేగానికే పరిమితం కాదు. జపాన్ పాఠంలో గెలిచిన పీచ్, బౌజర్ పాత్రలు షాంపేన్ తాగుతాయి. విదేశీ పాఠాలలో ఆ దృశ్యాన్ని మార్చారు.

3. ఎమ్యులేటర్ ఎదుర్కొనే సమస్య

పాత యంత్రం పనితీరును కొత్త కంప్యూటర్‌పై అనుకరించే ప్రోగ్రామే ఎమ్యులేటర్. ‘సూపర్ మారియో కార్ట్’ కార్ట్రిడ్జిలో గణనలకోసం అమర్చిన డీఎస్‌పీ-1 చిప్‌ను కూడా అది అనుకరించాలి. ఆట ఫైలులోని ప్రాంతసంకేతాన్ని చదివి 50 లేదా 60 హెర్ట్జ్‌ను ఎంచుకోవాలి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నేటి తెరలలో అధికభాగం 60 హెర్ట్జ్‌వి. 50 చిత్రాలను వాటిపై చూపాలంటే ప్రతి ఐదింటిలో ఒకదానిని రెండుసార్లు చూపవలసి వస్తుంది, కదలిక తడబడుతుంది. దీనిని తప్పించడానికి కొందరు పాల్ పాఠాన్ని బలవంతంగా 60 హెర్ట్జ్‌లో నడుపుతారు. అప్పుడు కదలిక సాఫీగా ఉంటుంది గాని, అది ఐరోపా ఆటగాడు ఎరిగిన ఆట కాదు. 50 హెర్ట్జ్‌కు తగినట్టు రచయితలే వేగాన్ని సవరించిన ఆటలైతే మూలంకన్నా వేగంగా పరుగెడతాయి.

4. ముగింపు

వేగవంతమైన పాఠమే అసలైనదని, తక్కినవి లోపాలని భావించడం చరిత్రను కుదించడమే. నెమ్మదైన పాఠంతోనే ఒక తరం ఆటగాళ్ల చేతులు అలవాటుపడ్డాయి. కనుక ఆటలపై పరిశోధించేవారు ఆట పేరుతోపాటు ప్రాంతీయ పాఠాన్ని, నడిపిన హెర్ట్జ్‌ను, ఎమ్యులేటర్ పేరును, దాని వెర్షన్‌ను పేర్కొనాలి. ఏ ప్రతిని చదివామో చెప్పని పాఠపరిష్కరణ ఎంత అసంపూర్ణమో, ఏ పాఠాన్ని ఆడామో చెప్పని విశ్లేషణ కూడా అంతే అసంపూర్ణం.