పాడైంది ఓవెన్‌ కాదు... ఒక్క ముక్కే!

కేకు ఉడకలేదనో, రాడ్‌ వేడెక్కలేదనో వేలు పోసి కొన్న ఓవెన్‌ని అటకెక్కించేస్తుంటారు చాలామంది. నిజానికి చెడిపోయేది ఎక్కువగా లోపలి ఓ చిన్న భాగమే. అది మారిస్తే ఓవెన్‌ మళ్లీ మామూలే. కాకపోతే ఏది మనం మార్చుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలిసుండాలి.

ఆదివారం సాయంత్రం కేకు చేద్దామని పిండి కలిపి ఓవెన్‌లో పెడతారు. లైటు వెలుగుతుంటుంది. టైమరు టిక్‌టిక్‌మంటూనే ఉంటుంది. ముప్పావుగంట తర్వాత తలుపు తీస్తే... పిండి పిండిలాగే ఉంటుంది! ‘ఇది పోయినట్టే, కొత్తది కొనాల్సిందే’ అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. బేరం కుదిరితే పాతసామాన్లవాడికి, కుదరకపోతే అటక మీదికి. అంతే, దాని కథ ముగుస్తుంది.

అంత తొందరెందుకు? కేకులకూ బిస్కెట్లకూ వాడే ఓటీజీ చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ, లోపలి సంగతి మాత్రం ఇస్త్రీపెట్టెకి పెద్దన్న లాంటిదే. వేడెక్కే రాడ్లు, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌, ఓ టైమరు, పైవేడి కావాలో కిందవేడి కావాలో ఎంచుకునే స్విచ్చి, వీటన్నిటినీ కలిపే తీగలు... దాదాపు ఇంతే. ఇవన్నీ ఒకేసారి పాడవడం అరుదు. చెడేది ఏదో ఒకటి. అదేంటో పట్టుకుంటే సగం మరమ్మతు అయిపోయినట్టే.

జబ్బు ఓవెన్‌దేనా?

స్క్రూడ్రైవర్‌ చేతపట్టే ముందు ఓసారి గోడవైపు చూడాలి. 2,000 వాట్ల ఓవెన్‌ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. మిక్సీకి వాడే 6 ఆంపియర్ల సాకెట్‌ ఆ భారాన్ని మోయలేదు. దీనికి 16 ఆంపియర్ల సాకెట్‌ ఉండాల్సిందే. ప్లగ్గు పిన్నులు నల్లబడినా, వాడుతున్నప్పుడు ప్లగ్గు బాగా వేడెక్కుతున్నా ముందు మార్చాల్సింది సాకెట్‌ని. ఇక, టైమర్‌ని తిప్పకపోతే చాలా ఓటీజీలు అసలు ఆన్‌ కావు. అది మర్చిపోయి ‘పనిచేయడం లేదు’ అనుకునేవాళ్లూ ఉంటారు.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే స్విచ్చిని మార్చి చూడాలి. పైరాడ్లు వేడెక్కి, కిందవి చల్లగా ఉంటే అనుమానం కిందరాడ్‌ మీదో, ఎంపిక స్విచ్చి మీదో. పైవీ కిందవీ రెండూ చల్లగానే ఉంటే రాడ్లన్నీ ఒకేరోజు పోయాయని కాదు... వాటికి కరెంటు చేరడం లేదని అర్థం. అప్పుడు థర్మల్‌ ఫ్యూజ్‌, థర్మోస్టాట్‌, టైమర్‌లలో ఏదో ఒకటి దోషి. కేకు అంచులు మాడి మధ్యలో పచ్చిగా ఉంటోందా? థర్మోస్టాట్‌ లెక్క తప్పిందేమో చూడాలి. ఓవెన్‌లో పెట్టే థర్మామీటర్‌ కొనుక్కుంటే మనం తిప్పిన అంకెకీ లోపలి వేడికీ తేడా ఎంతో తెలిసిపోతుంది.

రాడ్‌లో రహస్యం

పైకి ఇనుపకడ్డీలా కనిపించే రాడ్‌ లోపల సన్నటి నిక్రోమ్‌ తీగ చుట్టలు చుట్టి ఉంటుంది. నికెల్‌, క్రోమియం కలిపి చేసే ఈ లోహానికి అమెరికాకు చెందిన ఆల్బర్ట్‌ మార్ష్‌ 1906లో పేటెంటు పొందాడు. అంతకుముందు వాడిన తీగలు గాలి తగిలి త్వరగా కాలిపోయేవి. నిక్రోమ్‌ మీద మాత్రం వేడికి క్రోమియం ఆక్సైడ్‌ పొర ఏర్పడి కవచంలా కాపాడుతుంది. తీగకీ బయటి గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్‌ పొడిని కూరతారు. వేడిని పోనిచ్చి, కరెంటును ఆపేయడం దాని పని.

రాడ్‌ బాగుందో లేదో మల్టీమీటర్‌ చెప్పేస్తుంది. ముందు ప్లగ్గు పీకేయాలి. స్విచ్చి కట్టేస్తే చాలదు. ఓవెన్‌ పూర్తిగా చల్లారాక వెనక రేకు విప్పాలి. రేకు అంచులు చాకుల్లా ఉంటాయి కాబట్టి చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ఏ తీగ ఎక్కడ తగిలించి ఉందో సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు తికమక ఉండదు. రాడ్‌ మీద 230 వోల్టులు, 600 వాట్లు అని ఉంటే దాని రెండు కొసల మధ్య సుమారు 88 ఓమ్‌లు చూపాలి. 800 వాట్లదైతే 66 ఓమ్‌లు. అసలేమీ చూపకపోతే లోపల తీగ తెగినట్టే. మరో పరీక్ష ఇంకా ముఖ్యం. మీటరు ఒక కొసని రాడ్‌ చివరా, రెండోదాన్ని బయటి గొట్టం మీదా పెట్టాలి. అక్కడ ఏ అంకే రాకూడదు. వచ్చిందంటే కరెంటు ఓవెన్‌ ఒంట్లోకి పాకుతోందన్నమాట. అలాంటి రాడ్‌ వేడెక్కుతున్నా సరే, పారేయాల్సిందే.

కొత్త రాడ్‌ కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లడం మేలు. పొడవు, వంపు, కొసల ఆకారం, వోల్టులు, వాట్లు... అన్నీ సరిపోవాలి. ‘ఎక్కువ వాట్లదైతే త్వరగా ఉడుకుతుంది’ అన్న ఆశ పనికిరాదు. లోపలి తీగలూ స్విచ్చీ పాత లెక్కకు తగ్గట్టే చేసినవి మరి.

‘డైరెక్ట్‌’ చేస్తే ముప్పే!

రిపేరు షాపుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది... ‘ఆ ఫ్యూజ్‌ దొరకదండీ, డైరెక్ట్‌ చేసేశా’. అంటే మధ్యలోని భాగాన్ని తీసేసి, అటు తీగనీ ఇటు తీగనీ కలిపేశారని అర్థం. ఓవెన్‌ చక్కగా పనిచేస్తుంది. ఖర్చూ తక్కువే. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఓవెన్‌కి ఇద్దరు కాపలాదారులు. మొదటిది థర్మోస్టాట్‌. వేడికి ఒకదానికంటే ఒకటి ఎక్కువ సాగే రెండు లోహాలను జోడించిన పట్టీ చాలావాటిలో ఉంటుంది. వేడి పెరగగానే అది వంగి కరెంటును ఆపుతుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. కొన్నేళ్లకు దాని మొనలు అతుక్కుపోతే వేడి పెరుగుతూనే పోతుంది. అప్పుడు ఆదుకునేది రెండో కాపలాదారు, థర్మల్‌ ఫ్యూజ్‌. నిర్ణీత వేడి దాటగానే అది తెగిపోతుంది. మళ్లీ అతకదు. ఆ ఫ్యూజ్‌ని డైరెక్ట్‌ చేసిన ఓవెన్‌లో థర్మోస్టాట్‌ మొరాయిస్తే ఆపేవాళ్లుండరు. పక్కనే కర్టెన్‌, పైన చెక్క అల్మరా ఉన్న వంటింట్లో ఏం జరగొచ్చో ఊహించుకోవచ్చు.

అందుకే ఫ్యూజ్‌ మీద రాసిన డిగ్రీలు, ఆంపియర్లు చూసి సరిగ్గా అలాంటిదే వేయాలి. అది ఎందుకు తెగిందో కూడా కనుక్కోవాలి. కారణం తెలియకుండా కొత్తది వేస్తే అదీ తెగుతుంది. రిపేరు చేయించుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఏమైనా డైరెక్ట్‌ చేశారా?’

తీగకూ ఓ లెక్కుంది

లోపల తెగిన తీగ స్థానంలో ఇంట్లో మిగిలిన వైరు ముక్క వేయడం మరో పొరపాటు. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ తీగ తొడుగు 70 డిగ్రీల వేడి కోసం చేసింది. ఓవెన్‌లోని రాడ్ల దగ్గర అది మెత్తబడి కరిగిపోతుంది. ఇక్కడ సిలికాన్‌ లేదా గాజుపీచు తొడుగున్న తీగలే వాడాలి. టంకం కూడా నిలవదు. తగరం, సీసం కలిపిన మామూలు టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. కాబట్టి తీగ కొసకి లగ్‌ వేసి గట్టిగా నొక్కి బిగించాలి.

మైక్రోవేవ్‌ దగ్గర ఆగాల్సిందే!

‘ఓటీజీ బాగుచేసిన చేత్తో మైక్రోవేవ్‌ కూడా...’ అనుకుంటే మాత్రం వద్దు. దాని తీరే వేరు. లోపల మాగ్నెట్రాన్‌ను నడపడానికి కరెంటు నాలుగువేల వోల్టుల దాకా పెరుగుతుంది. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చు. అందుకే బయటి డొప్ప విప్పే పని శిక్షణ ఉన్న మెకానిక్‌దే. తలుపు వంగినా, సరిగ్గా పడకపోయినా వాడకం ఆపేయాలి.

అలాగని అన్నిటికీ మెకానిక్‌ అక్కర్లేదు. గాజుపళ్లెం, దాన్ని తిప్పే చక్రాల రింగు, మధ్యలోని ప్లాస్టిక్‌ కప్లర్‌... ఇవి డొప్ప విప్పకుండానే మారతాయి. లోపలి గోడకు అట్టముక్కలా కనిపించేది అబ్రకం షీటు. మన గూడూరు గనులకు పేరు తెచ్చిన అబ్రకమే! వేడిని తట్టుకుంటూ మైక్రోతరంగాలను తనగుండా పోనిస్తుంది. దానిమీద నూనె, కూర తుంపర్లు పడి మాడితే నిప్పురవ్వలు వస్తాయి. ఓవెన్‌ని వెంటనే ఆపి, ప్లగ్గు తీసేసి, పాతదాని కొలతకు కొత్త షీటు కత్తిరించి పెడితే సరి.

ముక్క ఎక్కడ దొరుకుతుంది?

వారంటీ ఉన్నంతకాలం సర్వీసు సెంటరే దిక్కు. మనం విప్పితే వారంటీ పోవచ్చు. ఆ తర్వాత ఓవెన్‌ వెనక అంటించిన మోడల్‌ నంబరు చెబితే సర్వీసు సెంటర్లోనో, ఆన్‌లైన్‌లోనో విడిభాగాలు దొరుకుతాయి. హైదరాబాద్‌ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటిచోట్ల వెతికే ఓపిక ఉంటే చాలు. బాగుచేయించుకునే హక్కు వినియోగదారుడికి ఉండాలంటూ కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న ‘రైట్‌ టు రిపేర్‌’ పోర్టల్‌ను ప్రారంభించింది. విడిభాగం ఇవ్వకుండా కొత్తది కొనమని సతాయిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కి ఫోన్‌ చేయొచ్చు.

అన్నీ బిగించాక, సాకెట్‌లో పెట్టకముందే ఆఖరి పరీక్ష చేయాలి. ప్లగ్గులోని లావు పిన్నుకీ ఓవెన్‌ రేకుకీ మధ్య మీటరు దాదాపు సున్నా చూపాలి. మిగతా రెండు పిన్నులకీ రేకుకీ మధ్య ఏమీ చూపకూడదు. అప్పుడే ప్లగ్గు పెట్టి, ఖాళీ ఓవెన్‌ని పావుగంట నడిపి, పక్కనే ఉండి గమనించాలి. ఈ పరీక్షల్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, మీటరు పట్టడం రాకపోయినా మెకానిక్‌కి ఇవ్వడమే తెలివైన పని. అది చిన్నతనమేమీ కాదు. బాగుచేయడం ఎంత నేర్పో, ఎక్కడ ఆగాలో తెలియడమూ అంతే నేర్పు!