వ్యూ కెమెరా కదలికలు: అపోహలు – వాస్తవాలు

ముందు లెన్స్, వెనక గ్రౌండ్ గ్లాస్ (బొమ్మ పడే గరుకు గాజు), రెండింటి మధ్య మడతల బెల్లోస్. లార్జ్ ఫార్మాట్ వ్యూ కెమెరా అంటే ప్రధానంగా ఇంతే. మామూలు కెమెరాల్లో లెన్స్, ఫిల్మ్ ఒకదానికొకటి ఎదురెదురుగా కదలకుండా బిగించి ఉంటాయి. వ్యూ కెమెరాలో ఆ బిగింపు ఉండదు. లెన్స్‌ను పైకి జరిపితే రైజ్, కిందికి జరిపితే ఫాల్, పక్కకు జరిపితే షిఫ్ట్. ముందుకో వెనక్కో వంచితే టిల్ట్, కుడికో ఎడమకో తిప్పితే స్వింగ్. చాలా కెమెరాల్లో వెనక భాగానికి కూడా వీటిలో కొన్ని కదలికలు ఉంటాయి.

ఈ కదలికలను కొందరు మంత్రవిద్యలా చూస్తారు. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఇవి దండగ అని కొందరు కొట్టిపారేస్తారు. అసలు విషయం రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. ఫిల్మ్ ఏ తీరున నిలబడిందో దాన్నిబట్టి బొమ్మలో వస్తువుల ఆకారం వస్తుంది. ఫిల్మ్‌కు లెన్స్ ఎంత కోణంలో ఉందో దాన్నిబట్టి ఫోకస్ ఎక్కడ పరుచుకుంటుందో తేలుతుంది. ఈ రెండు పనులనూ విడదీసి చూడకపోవడం వల్లే చాలా అపోహలు పుట్టాయి. కింది ఉదాహరణల్లో లెక్కలన్నీ 4×5 అంగుళాల ఫిల్మ్‌కు, దానికి నార్మల్ లెన్స్‌గా వాడే 150 మి.మీ. లెన్స్‌కు వేసినవి.

అపోహ 1: ఫోటోలో చార్మినార్ మినార్లు ఒకదానివైపు ఒకటి వాలినట్టు కనిపిస్తే అది లెన్స్ లోపం.

వాస్తవం: లెన్స్‌లో ఏ లోపమూ లేదు. ఫిల్మ్ తలం కట్టడం ముఖానికి సమాంతరంగా ఉన్నంతసేపూ నిలువు గీతలు నిలువుగానే పడతాయి. పై భాగం ఫ్రేములో పట్టలేదని కెమెరాను మొత్తంగా పైకెత్తుతాం. దాంతో ఫిల్మ్ కూడా వాలిపోతుంది, గీతలు పైన దగ్గరవుతాయి. వ్యూ కెమెరాలో కెమెరాను ఎత్తనక్కర్లేదు. వెనక భాగాన్ని నిటారుగా ఉంచి లెన్స్‌ను మాత్రం పైకి జరిపితే చాలు.

30 మీటర్ల దూరంలో ఆరంతస్తుల భవనం ఉందనుకుందాం. ఫిల్మ్‌ను నిలువుగా పెడితే, ఏ కదలికా లేకుండా లెన్స్ ఎత్తు నుంచి పైకి 12 మీటర్లు, కిందికి 12 మీటర్లు పడతాయి. కెమెరా నేలకు మీటరున్నర ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఆ కింది సగంలో ఎక్కువ భాగం రోడ్డే. లెన్స్‌ను పైకి జరిపే ప్రతి మిల్లీమీటరుకూ భవనం మరో 20 సెంటీమీటర్లు లోపలికి వస్తుంది. 30 మి.మీ. జరిపితే 6 మీటర్లు అదనంగా వచ్చి, లెన్స్‌కు పైన 18 మీటర్ల దాకా పడుతుంది. పనికిరాని రోడ్డు తగ్గుతుంది, గోడలు నిటారుగా నిలుస్తాయి. కెమెరాలో అంత రైజ్ లేకపోతే మరో దారి ఉంది. మొత్తం కెమెరాను పైకెత్తి, ఆ తర్వాత లెన్స్‌నూ వెనక భాగాన్నీ రెండింటినీ మళ్లీ నిటారుగా సరిచేస్తే అదే ఫలితం వస్తుంది.

అపోహ 2: ఈ కదలికలు భవనాలు తీసేవాళ్లకే పనికొస్తాయి.

వాస్తవం: పాదాల దగ్గరి రాళ్ల నుంచి దూరపు కొండల దాకా స్పష్టంగా రావాలనుకునే ప్రకృతి ఫోటోగ్రాఫర్‌కు టిల్ట్ కావాలి. పొడవాటి శిల్పాల గోడను ఏటవాలుగా తీసేవారికి స్వింగ్ కావాలి. బల్ల మీద పరిచిన నగలు తీసేవారికి టిల్ట్, స్వింగ్ రెండూ కావాలి. నిలువుటద్దాన్ని ఎదురుగా తీస్తూ అందులో కెమెరా కనిపించకూడదంటే షిఫ్ట్ ఆదుకుంటుంది. కెమెరాను ఓ పక్కకు పెట్టి, వెనక భాగాన్ని అద్దానికి సమాంతరంగా ఉంచి, లెన్స్‌ను అద్దం వైపు జరపాలి. అద్దం ఎదురుగా చూసిన ఆకారంలోనే పడుతుంది, కెమెరా ప్రతిబింబం మాత్రం ఫ్రేము బయట ఉండిపోతుంది.

అపోహ 3: టిల్ట్ చేస్తే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ పెరుగుతుంది.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అపోహ ఇదే. టిల్ట్ డెప్త్‌ను పెంచదు, దాని దిక్కును మారుస్తుంది. మామూలుగా స్పష్టంగా కనిపించే తలం కెమెరాకు ఎదురుగా గోడలా నిలబడి ఉంటుంది. లెన్స్‌ను ముందుకు వంచితే ఆ తలం నేల మీదికి వాలుతుంది. దాని చుట్టూ ఉండే స్పష్టత కూడా ఆకారం మారుతుంది. విసనకర్ర పిడి దగ్గర సన్నగా మొదలై పోనుపోను వెడల్పయినట్టు, కెమెరా దగ్గర పలచగా ఉండి దూరం వెళ్లేకొద్దీ మందమవుతుంది.

టిల్ట్ లేకుండా ఎఫ్/22 వద్ద సుమారు 10 మీటర్లకు ఫోకస్ చేస్తే, దాదాపు 5 మీటర్ల నుంచి అనంతం దాకా ఏ ఎత్తులో ఉన్నదైనా స్పష్టంగా వస్తుంది. 2 మీటర్ల దూరంలో ఉన్న పూలమొక్క మాత్రం రాదు. అదే ఎఫ్/22తో, మీటరున్నర ఎత్తులో ఉన్న కెమెరా లెన్స్‌ను వంచి స్పష్టత తలాన్ని నేల మీద పరిస్తే, పూలమొక్క మొదలు నుంచి దూరపు గట్టు దాకా నేలంతా తేటగా వస్తుంది. కానీ 2 మీటర్ల దగ్గర ఆ స్పష్టత నేలకు 30 సెంటీమీటర్ల పైదాకానే ఉంటుంది. 10 మీటర్ల దగ్గర మీటరున్నర ఎత్తు, 20 మీటర్ల దగ్గర 3 మీటర్ల ఎత్తు. అంటే 20 మీటర్ల దూరంలో తాటిచెట్టు ఉంటే దాని మొదలు స్పష్టంగా, తల మసకగా వస్తుంది. టిల్ట్ ఒకచోట ఇచ్చినదాన్ని మరోచోట తీసుకుంటుంది. కాబట్టి వంచే ముందు దృశ్యంలో నిలువుగా ఏమున్నాయో చూసుకోవాలి. పరుచుకున్న పొలానికి టిల్ట్ వరం. దగ్గర్లోనే చెట్లు నిలిచిన అడవిలో అది చేటు.

అపోహ 4: ఎంత ఎక్కువ వంచితే అంత స్పష్టత.

వాస్తవం: చాలా దృశ్యాలకు కొద్ది డిగ్రీలే చాలు. హెరాల్డ్ మెర్క్‌లింగర్ 1993లో తన పుస్తకంలో వివరించిన హింజ్ సూత్రం ఈ లెక్కను తేలిక చేసింది. ఫిల్మ్ నిటారుగా ఉన్నప్పుడు, స్పష్టత తలం లెన్స్‌కు సరిగ్గా కిందున్న ఒక గీత మీద కీలు తిరిగినట్టు తిరుగుతుంది. ఆ గీత ఎంత లోతున ఉంటుందో లెన్స్ ఫోకల్ లెంగ్త్, వంపు కోణం కలిసి నిర్ణయిస్తాయి. కెమెరా నేలకు మీటరున్నర ఎత్తులో ఉంటే ఆ గీతను నేల మీదికి తేవడానికి 150 మి.మీ. లెన్స్‌కు కావలసిన వంపు 5.7 డిగ్రీలు. 90 మి.మీ. లెన్స్‌కైతే 3.4 డిగ్రీలే. ఇంకా వంచితే ఆ గీత నేలను వదిలి పైకి వస్తుంది, పలచటి భాగం మరీ పలచబడుతుంది. నేల ఫోటోలో అనుకోని చోట్ల మసక వచ్చిందంటే చాలాసార్లు కారణం తక్కువ వంపు కాదు, అతి వంపు.

డిగ్రీలు కొలవనక్కర్లేని పద్ధతి కూడా ఉంది. నల్లగుడ్డ కింద గ్రౌండ్ గ్లాస్‌కు లూప్ (భూతద్దం) ఆనించి, ముందు దూరపు వస్తువుకు ఫోకస్ చేయండి. దగ్గరి వస్తువు తేటపడేదాకా లెన్స్‌ను మెల్లగా వంచండి. దూరపుది మళ్లీ సరిచూడండి. రెండు మూడు విడతల్లో రెండూ ఒకేసారి కుదురుతాయి.

అపోహ 5: షైంఫ్లూగ్ సూత్రాన్ని వ్యూ కెమెరా వాడేవారి కోసమే కనిపెట్టారు.

వాస్తవం: ఫిల్మ్ తలం, లెన్స్ తలం, స్పష్టత తలం మూడూ ఒకే గీత దగ్గర కలుస్తాయన్నది ఆ సూత్రం. ఆస్ట్రియాకు చెందిన థియోడర్ షైంఫ్లూగ్ ఆసక్తి భూమి నుంచి తీసే ఫోటోల మీద కాదు, ఆకాశం నుంచి తీసే ఫోటోల మీద. ఏటవాలుగా తీసిన ఆ ఫోటోలను మ్యాపులకు పనికొచ్చేలా సరిదిద్దే పద్ధతికి ఆయన 1904లో పేటెంట్ పొందాడు. ఆ పేటెంట్‌లోనే అంతకు ముందు పనిచేసిన జూల్ కార్పాంతియే పేరు కూడా చెప్పాడు. ల్యూమియేర్ సోదరుల సినిమాటోగ్రాఫ్‌ను తయారుచేసిన ఫ్రెంచ్ ఇంజినీరు ఈయనే. వాలిన గీతలను ఎన్‌లార్జర్‌లో సరిచేయడం గురించి కార్పాంతియే పేటెంట్ 1901 నాటిది. పేరు షైంఫ్లూగ్‌కు స్థిరపడినా ఆలోచనకు ఆయన ఒక్కడే కర్త కాడు.

అపోహ 6: ఎఫ్/64 ఉండగా టిల్ట్ ఎందుకు?

వాస్తవం: ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ తదితరులు 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తమ బృందానికి గ్రూప్ ఎఫ్/64 అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు విన్నవారికి అన్ని సమస్యలకూ చిన్న ఎపర్చరే మందు అనిపించడం సహజం. 2 మీటర్ల నుంచి అనంతం దాకా టిల్ట్ లేకుండా రావాలంటే నిజంగానే ఎఫ్/64 దరిదాపులకు వెళ్లాలి. కానీ దానికి రెండు మూల్యాలున్నాయి. మొదటిది డిఫ్రాక్షన్. ఇరుకు రంధ్రం గుండా వచ్చిన కాంతి చెదిరి, ఎఫ్/22 వద్ద సుమారు 0.03 మి.మీ. ఉండే చుక్క ఎఫ్/64 వద్ద 0.086 మి.మీ. అవుతుంది. పెద్ద ప్రింటు వేసినప్పుడు మొత్తం బొమ్మ కాస్త మెత్తబడుతుంది. రెండోది సమయం. ఎఫ్/22 వద్ద ఒక సెకను సరిపోయే చోట ఎఫ్/64 వద్ద 8 సెకన్లు కావాలి. అంత పొడవైన ఎక్స్‌పోజర్లలో చాలా ఫిల్ములు మందగిస్తాయి కాబట్టి ఇంకా పెంచాలి. ఆలోగా గాలికి వరికంకులు ఊగకుండా ఉండవు. టిల్ట్ చేసి ఎఫ్/22 వద్ద తీస్తే రెండు మూల్యాలూ తప్పుతాయి.

అపోహ 7: ముందు వంచినా వెనక వంచినా ఒకటే.

వాస్తవం: ఫోకస్ వరకు చూస్తే రెండూ ఒకే పని చేస్తున్నట్టుంటాయి. ఆకారం దగ్గర దారులు వేరవుతాయి. లెన్స్‌ను వంచితే వస్తువుల ఆకారం మారదు, ఎందుకంటే ఫిల్మ్ కదల్లేదు. వెనక భాగాన్ని వంచితే ఫోకస్‌తో పాటు ఆకారం కూడా మారుతుంది. గ్రౌండ్ గ్లాస్ మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి దగ్గరి నేల పై అంచున ఉంటుంది. ఆ పై అంచును లెన్స్‌కు దూరంగా వాల్చితే దగ్గరి రాయి పెద్దదై ముందుకు ఉరుకుతుంది, దూరపు కొండ చిన్నదవుతుంది. కావాలని చేస్తే అది శక్తిమంతమైన ఎంపిక. అదే ఫ్రేములో భవనం ఉంటే మాత్రం గోడలు పైకి పోనుపోను దగ్గరపడి బొమ్మ చెడుతుంది. నిటారు గోడలు ముఖ్యమైతే వెనక భాగాన్ని కదల్చకండి, వంపు లెన్స్‌కే ఇవ్వండి.

అపోహ 8: కెమెరాలో ఎంత కదలిక ఉంటే అంతా వాడుకోవచ్చు.

వాస్తవం: హద్దు గీసేది లెన్స్. ప్రతి లెన్స్ ఒక వృత్తం మేరకే బొమ్మను వేస్తుంది. 4×5 ఫిల్మ్ మూల నుంచి మూలకు దాదాపు 153 మి.మీ. ష్నైడర్ అపో-సిమ్మార్ 150 మి.మీ. లెన్స్ ఎఫ్/22 వద్ద వేసే వృత్తం సుమారు 220 మి.మీ. దానితో నిలువు ఫ్రేములో 39 మి.మీ. దాకా రైజ్ చేయవచ్చు. వృత్తం 165 మి.మీ. మాత్రమే ఉన్న లెన్స్‌తో 7 మి.మీ. దాటితే మూలలు నల్లబడతాయి. లెన్స్‌ను వంచినప్పుడు కూడా వృత్తం పక్కకు జరుగుతుంది. అందుకే చాలా గ్రౌండ్ గ్లాసులకు మూలలు కత్తిరించి ఉంటాయి. ఎపర్చర్ మూశాక ఆ సందులోంచి లెన్స్ వైపు చూడండి. రంధ్రం పూర్తిగా కనిపిస్తే కాంతి మూల దాకా అందుతున్నట్టే. అంచు కోసుకుపోయి కనిపిస్తే కదలిక తగ్గించాలి.

అపోహ 9: ఇవన్నీ ఇప్పుడు ఫోటోషాప్‌లో అయిపోతాయి.

వాస్తవం: సగం నిజం. నిలబడిన చోటు మారనప్పుడు, సాఫ్ట్‌వేర్‌లో నిష్పత్తులు చూసుకుని నిటారు చేసిన గోడకూ రైజ్‌తో తీసిన గోడకూ ఆకారంలో తేడా ఉండదు. తేడా నాణ్యతలో వస్తుంది. పైకెత్తి తీసిన ఫోటోలో భవనం పై భాగం చిన్నదిగా పడుతుంది. కింద 100 వంతుల వెడల్పు ఉన్నది పైన 60 వంతులే పడితే, దాన్ని 1.67 రెట్లు సాగదీయాలి. సన్నటి చెక్కడపు పని ఎక్కువగా ఉండే చోటే వివరం పలచబడుతుంది. అంచులు కత్తిరించాలి. ఫ్రేము ఎలా ఉంటుందో తీసేటప్పుడు ఊహించుకోవాలే తప్ప కంటితో చూసుకునే వీలుండదు.

టిల్ట్ విషయంలో తేడా ఇంకా పెద్దది. ఫిల్మ్ మీద మసకగా పడినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నిజాయతీగా తేటపరచలేదు. వేర్వేరు ఫోకస్‌లతో అనేక ఫోటోలు తీసి కలిపే పద్ధతి డిజిటల్‌లో ఉంది. కదలని వస్తువులకు అది బాగుంటుంది. ఊగే ఆకులు, పారే నీళ్లు ఉన్నచోట తడబడుతుంది. చిన్న కెమెరా తయారీదారులు కూడా ఈ అవసరాన్ని గుర్తించారు. నికాన్ 1960ల తొలినాళ్లలోనే 35 మి.మీ. షిఫ్ట్ లెన్స్ తెచ్చింది. కెనాన్ 1973లో టిల్ట్, షిఫ్ట్ రెండూ ఉన్న లెన్స్ తెచ్చింది. ఆ తరహా లెన్సులు ఇవాళ్టి డిజిటల్ కెమెరాలకూ వస్తున్నాయి.

సాఫ్ట్‌వేర్ లేని రోజుల సంగతి మనకు దగ్గరగానే ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ హైదరాబాద్ కట్టడాలను పెద్ద గాజు ప్లేట్ల మీద తీశారు. ఆయన నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రంలో ఉన్నాయి. ఆ కాలంలో ప్రింటును సాధారణంగా నెగెటివ్‌ను కాగితానికి ఆనించే తీసేవారు. అలాంటి ప్రింటులో వాలిన గోడను నిలబెట్టే అవకాశం లేదు. ఆకారాన్ని కెమెరాలోనే తేల్చుకోవాల్సి వచ్చేది.

అపోహ 10: అన్ని కదలికలూ ఉన్న కెమెరా కొనాలి, ప్రతి ఫోటోలో వాడాలి.

వాస్తవం: స్టూడియో మోనోరైల్ కెమెరాల్లో ముందూ వెనకా అన్ని కదలికలూ ఉంటాయి, బరువు కూడా ఉంటుంది. మోసుకెళ్లే ఫీల్డ్ కెమెరాల్లో కొన్ని తగ్గుతాయి. ప్రకృతి, కట్టడాలు తీసేవారికి ముందు భాగంలో రైజ్, టిల్ట్, స్వింగ్ ఉంటే చాలావరకు పని జరుగుతుంది. ఇక వాడకం విషయానికొస్తే, అన్ని కదలికలూ సున్నా దగ్గర ఉండగా తీసిన మంచి లార్జ్ ఫార్మాట్ ఫోటోలకు లెక్కేలేదు.

అందుకే కొత్తగా నేర్చుకునేవారికి నా సలహా ఒకటే. ప్రతి ఫోటోకూ ముందు అన్నీ సున్నాకు తెచ్చి, లెవెల్ చూసి, రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఫోటోలో ఆకారం ఎలా ఉండాలి? దానికి జవాబుగా వెనక భాగాన్ని నిలబెట్టి, రైజ్‌తోనో షిఫ్ట్‌తోనో ఫ్రేము సరిచేయండి. ఏ తలం స్పష్టంగా ఉండాలి? దానికి జవాబుగా లెన్స్‌ను వంచండి లేదా తిప్పండి, మిగిలిన లోతును ఎపర్చర్‌కు వదిలేయండి. రెండు ప్రశ్నలకూ జవాబు "ఉన్నట్టే బాగుంది" అయితే ఏ మరనూ ముట్టుకోకుండా ఫిల్మ్ హోల్డర్ పెట్టేయండి. కదలికల విలువ తెలిసినవారు తీసుకునే నిర్ణయాల్లో అదీ ఒకటి.