13, 60, 100: ఇంద్రవెల్లి లెక్క ఎందుకు తేలలేదు?

1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులకు ఎంతమంది ఆదివాసులు బలయ్యారు? ప్రభుత్వం చెప్పిన అంకె 13. పౌరహక్కుల కార్యకర్తలు చెబుతూ వచ్చింది 60. చుట్టుపక్కల గూడేల్లో అడిగితే వంద దాటిందంటారు. మూడూ ఒకే రోజు లెక్కలు, ఒకే ఊరి లెక్కలు. మొదటి రెండింటికీ మధ్యే 47 మంది తేడా ఉంది. ఆ 47 మంది ఉన్నారో లేరో నాలుగు దశాబ్దాలు దాటినా తేలలేదు.

మన మందమర్రి నుంచి ఇంద్రవెల్లి వంద కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అయినా ఆ గొడవకు మూలమైన చట్టం మనకు కొత్తది కాదు. మన పట్టణంలో దశాబ్దాలుగా మున్సిపల్ ఎన్నికలు జరగకపోవడానికి కారణం అడిగితే, చిన్న పిల్లలు కూడా ‘ఏజెన్సీ, 1/70’ అంటారు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను సవరించి 1970లో తెచ్చిన మొదటి రెగ్యులేషన్ అది, అందుకే ఆ పేరు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఎవరు అమ్మినా గిరిజనులకే అమ్మాలని అది చెప్పింది. అక్కడ గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి, వారు వేరే రుజువు చూపేదాకా, గిరిజనుల నుంచి వచ్చిందేనని భావించాలని కూడా చెప్పింది. కాగితం మీద ఇంతకన్నా గట్టి మాట ఇంకోటి లేదు. ఆ మాట వచ్చిన 11 ఏళ్లకు ఇంద్రవెల్లిలో తుపాకులు పేలాయి.

కొంచెం వెనక్కి పోదాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పిలిపించింది. ఆయన మార్లవాయిలో ఉండి వాళ్ల మధ్యనే బతికి కారణాలు రాశాడు. భూమికి పట్టా లేదు, అడవికి పోతే కేసు, అప్పు తీసుకుంటే షావుకారు చేతిలో పంట. ఆ తర్వాత కొన్ని వేల కుటుంబాలకు పట్టాలు దక్కాయి. అయితే పట్టా రావడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. మైదానం నుంచి వచ్చినవాళ్ల చేతుల్లోకి నల్లరేగడి భూములు మళ్లీ జారిపోయాయి. 1981 నాటికి గిరిజన రైతుకూలీ సంఘం అడిగినవి దాదాపు అవే: పోడు భూములకు పట్టాలు, అటవీ సిబ్బంది మామూళ్లు ఆగడం, షావుకార్ల దోపిడీకి అడ్డుకట్ట. 41 ఏళ్లలో కోరికల పట్టిక పెద్దగా మారలేదు. ఇంద్రవెల్లి గురించి నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అంకె ఈ 41.

ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లిలో సోమవారం సంత. ఉప్పు, నూనె, బట్ట కొనుక్కోవడానికి గోండులు, కొలాంలు ఎడ్లబండ్ల మీద, కాలినడకన ఎలాగూ వస్తారు. సంఘం సభకు ఆ రోజునే ఎంచుకుంది. పోలీసులు అనుమతి లేదన్నారు, 144 సెక్షన్ పెట్టారు. సభకు బయలుదేరినవాళ్లు, సంతకు బయలుదేరినవాళ్లు ఒకే దారిలో ఉన్నారు. ఎవరు దేనికి వచ్చారో విడదీసి చూసే వీలు లేదు. గుంపే ముందు తిరగబడిందని పోలీసులన్నారు. ఒక మహిళతో పోలీసు అసభ్యంగా ప్రవర్తించడంతో గొడవ మొదలైందని ఆదివాసులంటారు. కాల్పులు జరిగాయన్న విషయంలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అప్పుడు ముఖ్యమంత్రి టి. అంజయ్య.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. ప్రభుత్వ లెక్కలోకి చావు ఎక్కాలంటే శవం దొరకాలి, పంచనామా జరగాలి, ఆసుపత్రిలో పోస్టుమార్టం కావాలి, ఎవరో ఒకరు వచ్చి ఇది మావాడేనని చెప్పాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ మనిషి లెక్కలోకి రాడు. తూటా తగిలినవాణ్ణి తనవాళ్లు భుజాన వేసుకుని అడవిలోకి పరిగెత్తారనుకోండి. దారిలోనో, గూడెంలో మూడో రోజునో ప్రాణం పోతుంది. అక్కడే మట్టి చేస్తారు. పోలీసు స్టేషన్‌కు వెళ్లి చెబితే, సభకు వచ్చినవాడి బంధువని తననే లోపల వేస్తారన్న భయం. జనన మరణాల రిజిస్టరులో ఆ చావు ఎక్కుతుందన్న నమ్మకమూ లేదు. గూడేల మాటను నమ్మితే తేడా వచ్చింది ఇక్కడే. 13 అనేది చేతికి దొరికిన శవాల లెక్క అవుతుంది. గూడేల లెక్క ఇంటికి తిరిగిరాని మనుషులది. ఈ రెండూ ఒకటి కావాలంటే గూడెం గూడెం తిరిగి అడగాలి. 1981లో ఆ పని ప్రభుత్వం తరఫున నమ్మకంగా జరిగి ఉంటే, ఇవాళ మూడు అంకెలు ఉండేవి కావు.

ఈ తేడా ఇంద్రవెల్లికి మాత్రమే పరిమితం కాదు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో 1,650 తూటాలు పేలాయని పక్కాగా తెలుసు. తూటాలకు లెక్క చెప్పే పద్ధతి సైన్యంలో ఉంది. చనిపోయినవాళ్లు ఎందరంటే ప్రభుత్వం వేసిన హంటర్ కమిటీ 379 అంది, కాంగ్రెస్ విచారణ వెయ్యి దాకా అంది. అమృత్‌సర్‌లో సైనిక శాసనం నడుస్తుండగా, మా ఇంట్లో మనిషి బాగ్‌లో చనిపోయాడని ముందుకొచ్చి చెప్పే ధైర్యం ఎందరికి ఉంటుంది?

మన నేల మీదనే ఇంకో ఊరుంది, బైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు, నిజాం బలగాలు ఊరిని చుట్టుముట్టాయి. అంతకు ముందు దాడికి వచ్చిన రజాకార్లను ఊరి రక్షక దళం తిప్పికొట్టింది, బురుజు మీద కాపలా ఉండి డప్పు కొట్టి ఊరిని లేపేది. ఆ రోజు ఊరి ఓపిక తుపాకుల ముందు నిలవలేదు. ఎక్కువగా చెప్పుకునే లెక్క 96, పక్క ఊరు కూటిగల్‌ను కలిపితే వంద దాటుతుంది. బురుజు ఇప్పటికీ ఉంది. సరిగ్గా 17 రోజులకు, సెప్టెంబర్ 13న, భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి అడుగుపెట్టింది. ఆ తర్వాత రాజ్యంలో ముస్లింల మీద జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల దాకా చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంట పడలేదు. 13 వేల తేడా ఉన్న అంచనా అది. ఒక పక్క వాళ్ల చావును లెక్కపెట్టి, ఇంకో పక్క వాళ్లను వదిలేస్తే అది చరిత్ర అనిపించుకోదు.

లెక్క తేలిన ఊళ్లూ ఉన్నాయి. ఐరోపాలో అల్బేనియా అనే చిన్న దేశం ఉంది. అక్కడి దక్షిణ కొండల్లో బొరోవా అనే పల్లె. 1943 జూలై 6న ఆ దారిన పోతున్న జర్మన్ సైనిక వాహనాల మీద గెరిల్లాలు మాటు వేసి దాడి చేశారు. జర్మన్లు ఆ కసి పల్లె మీద తీర్చుకున్నారు. ఇళ్లు తగలబెట్టారు, 107 మందిని చంపారు. ఆ 107 అనే అంకె మీద ఇవాళ తగాదా లేదు. ఊరు చిన్నది, ఎవరి ఇంట్లో ఎవరు పోయారో బతికినవాళ్లకు తెలుసు. యుద్ధం తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ గెరిల్లాలదే, కాబట్టి పేర్లు చెప్పడానికి ఎవరూ భయపడలేదు. నెలన్నర తిరక్కుండా, ఆగస్టు 16న, గ్రీసులోని కొమ్మెనో పల్లెలోనూ జర్మన్లు అదే పని చేశారు. అక్కడ 317 మంది. ఆ లెక్కా తేలింది. అంత పెద్ద యుద్ధంలో, అంత గందరగోళంలో మూడంకెల సంఖ్యలు ఒక్కరు తేడా లేకుండా తేలినప్పుడు, శాంతికాలంలో, సొంత ప్రభుత్వం ఉండగా, ఒక సంత ఊరి లెక్క తేలలేదంటే దాన్ని కష్టమైన పని కాబట్టి అని సరిపెట్టుకోలేం.

లెక్కే కాదు, చనిపోయినవాళ్ల గుర్తుగా ఇంద్రవెల్లిలో కట్టిన స్థూపాన్నీ నిలవనివ్వలేదు. 1980ల్లో కట్టిన దాన్ని 1986లో పేల్చేశారు, మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే అక్కడ 144 సెక్షనే. చనిపోయినవాళ్లకు దండం పెట్టుకోవడానికి వచ్చేవాళ్లు పోలీసు పికెట్లు దాటి రావాల్సి వచ్చేది. తలుచుకోవడమే నేరమైనప్పుడు లెక్క చెప్పడానికి ఎవరు వస్తారు? తెలంగాణ వచ్చాక ఆంక్షలు మెల్లగా సడలాయి. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. మంచి పని. ఆలస్యమైనా కావలసిందే.

అయితే స్మృతివనంలో ఎన్ని పేర్లు చెక్కుతారు? 13 చెక్కితే మిగిలినవాళ్లను రెండోసారి లేకుండా చేసినట్టు. 60 అని అంకె మాత్రం వేసి ఊరుకుంటే అది ఎవరినీ గుర్తుపట్టని గౌరవం. పేరు, గూడెం, వయసు రాయాలి. ఆ పని ఇప్పటికీ చేయవచ్చు. గూడెం పటేళ్లున్నారు, రాయ్ సెంటర్లనే గోండుల సంప్రదాయ పంచాయతీలున్నాయి, ఉట్నూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది. ఆ రోజు ఎవరి అన్న రాలేదో, ఎవరి తండ్రి రాలేదో ప్రతి గూడెంలో ఒకరికైనా తెలిసే ఉంటుంది. ఆ సంతలో ఇరవై ఏళ్ల పిల్లగా ఉన్నామె ఇప్పుడు అరవై దాటిన ముసలమ్మ. ఆమె తర్వాత చెప్పేవాళ్లుండరు.

ప్రభుత్వం, పౌరసంఘాలు, ఆదివాసీ సంఘాలు ఒక్కచోట కూర్చుని గూడెం గూడెం తిరిగి ఆ జాబితా ఈ ఏడాదే రాయాలి. మీ చుట్టాల్లో, మీ స్నేహితుల్లో ఆ రోజు మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఉంటే, ఒక నోటుబుక్కు తీసుకుని ఆ పేరు, ఆ గూడెం, చెప్పినవాళ్ల పేరు, తేదీ రాసి పెట్టండి.